ఉద్యోగం పోయినందుకు కృతజ్ఞత కూడిక

దీనమ్మ మామ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఊరి ట్రాలీ ఆటో ప్రభుదాసు. మిరపకాయల సీజను. గుంటూరు యార్డులో టిక్కీలు, అంటే కాయ బస్తాలు, దింపి, ఆ బట్టలతోనే నేను పనిచేసే ఆసుపత్రికి వచ్చాడు. మనిషి కంటే ముందు ఘాటు వచ్చింది. కౌంటరు దగ్గర ఒక ముసలాయన చీటీ చూస్తున్నదాన్ని తల ఎత్తకుండానే తుమ్మాను. తుమ్ము మీద తుమ్ము. కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా ప్రభుదాసు. నెత్తిన నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ బోర్లించుకుని, నా తుమ్ములు అయ్యేదాకా మర్యాదగా ఆగి నిలబడి ఉన్నాడు.

ఆ కుర్చీని చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఆవిడ లేకుండా ఆ కుర్చీ గడప దాటగా నేనెప్పుడూ చూడలేదు.

"నిన్న సాయంత్రం, కరుణమ్మా," అన్నాడు. "టీ గ్లాసు చేతిలోనే ఉంది. పంచదార తక్కువైందని మా ఆవిణ్ణి కేకేసింది. మా ఆవిడ డబ్బా పట్టుకుని వెళ్ళేలోపే వెళ్ళిపోయింది. రేపు పొద్దున సమాధి. కుర్చీ నీకిమ్మని ఎప్పుడో చెప్పిపెట్టింది."

నేను ఏడుస్తున్నానో తుమ్ముతున్నానో వరసలో ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. చీటీ ముసలాయన జాలిగా, "మిరపకాయేనా తల్లీ?" అన్నాడు. "మిరపకాయే తాతా" అన్నాను. ప్రభుదాసు కుర్చీ దింపి, వెళ్ళబోతూ మళ్ళీ ఆగాడు. "మా అమ్మాయి ప్రశాంతి కూడా మళ్ళీ మానేసిందమ్మా, చీరాల కొట్లో పని. ఇది రెండోది. బయటికి రాదు, మాట్లాడదు. మామ్మ ఉంటే ఏదో ఒకటి చేసేది" అని, ఎవరి మీదో తెలియని కోపంతో తువ్వాలు దులిపాడు. నేను ఇంకోసారి తుమ్మాను.

ఆవిణ్ణి చూడని మీకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆ కుర్చీ గురించి చెప్పాలి. పేరు దీనమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆవిడ నోరు విప్పకముందే పెట్టేసి ఉండాలి. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరై, పర్చూరు దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి ఎదురుగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అన్ని వందల మంది పిల్లల్ని చూశాక ఇంకొక్కణ్ణి పెంచే ఓపిక లేకపోయింది" అనేది. భారీ మనిషి. ఒకసారి ఎవరిదో పెళ్ళి పందిట్లో అద్దె కుర్చీ కాలు విరిగి పడిపోయిందట. పడుతూ పడుతూ పెళ్ళికొడుకు మేనమామ చెయ్యి పట్టుకుంటే ఆయనా పడ్డాడు, ఆయనతో పాటు పన్నీరు బుడ్డీ పడింది. ఆ మర్నాడే చీరాల వెళ్ళి, కొట్లో ఉన్న కుర్చీలన్నిటి మీదా కూర్చుని లేచి, చివరికి ఈ నీలం కుర్చీ కొనుక్కుంది. అప్పటినుంచి చర్చికైనా, కూడికకైనా, పరామర్శకైనా చంకలో కుర్చీతో వెళ్ళడమే. ఇంకెవర్నీ దాని మీద కూర్చోనిచ్చేది కాదు.

బస్సులోకి కూడా ఎక్కించేది. ఒకసారి చిలకలూరిపేట బస్సులో కండక్టరు అడ్డం పడ్డాడు. "అమ్మగారూ, లగేజీ పైన వెయ్యాలి."

"లగేజీ కాదు నాయనా, సీటు. నీ బస్సులో ఖాళీ ఉందా?"

"లేదండి."

"అందుకే తెచ్చుకున్నా. పక్కకి జరుగు."

డ్రైవరు వెనక ఖాళీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కండక్టరు దారి పొడుగునా ఆవిణ్ణి చుట్టుకుని టికెట్లు కొట్టాడు. దిగేటప్పుడు ఆయనే కుర్చీ అందించాడు. ఆయన కుటుంబం కోసం ఆవిడ కిందనుంచే ప్రార్థన మొదలుపెట్టడంతో, అది ముగిసేదాకా బస్సు కదల్లేదు.

ఇక నా సంగతి. నేను బడిలో చదువుకోలేదు. మా ఊరి బడికి ఆనుకునే మిరప కల్లాలు ఉండేవి. కాయ ఎండబోశారంటే నాకు ఆయాసం. పలక పట్టుకుని వెళ్ళి, పెదాలు నీలంగా మారి తిరిగొచ్చేదాన్ని. రెండు సీజన్లు చూసి మా నాన్న ఆనందరావు నన్ను బడి మాన్పించాడు. ఆయన దర్జీ. అమ్మ నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. మిషను పక్కన చాప వేసి, చక్రం తిరుగుతుండగానే అక్షరాలు, లెక్కలు అన్నీ ఆయనే చెప్పాడు. చదవడానికి మా ఇంట్లో ఉన్నవి పెద్దక్షరాల బైబిలు, జాకెట్ల కొలతలకి కత్తిరించిన పాత పేపర్లు. అందుకని నేను చిన్నప్పుడు చదివిన వార్తలన్నీ చేతుల ఆకారంలో, మెడల ఆకారంలో ఉండేవి. "నిన్న సాయంత్రం మంత్రిగారు" దాకా వచ్చేసరికి చంక దగ్గర కత్తెర పడి ఉండేది. తర్వాత ఏమైందో నేనే ఊహించుకుని నాన్నకి చెప్పాలి. ఒక్కోసారి మిగతా ముక్క ఏ జాకెట్ వీపులోనో దొరికితే సరిచూసుకునేవాళ్ళం. చాలాసార్లు నా ఊహే బాగుండేదని నాన్న అనేవాడు. అలా చదువుకునే ఓపెన్ స్కూల్లో పది, ఇంటరు పాసయ్యాను. దేవునికి స్తోత్రం, తర్వాత మా నాన్న ఓపికకి స్తోత్రం.

పాసవగానే ఉద్యోగం వచ్చింది. చిలకలూరిపేట దగ్గర కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఫోను ఎత్తే పని. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా ఉద్యోగం వస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, సాక్ష్యాలు, తర్వాత భోజనం. నాన్న పొంగిపోయి కోడిపులావు వండించాడు. సంఘమంతా వచ్చి, కడుపు నిండా తిని, నన్ను ఆశీర్వదించింది. అంత మందిలో దీనమ్మ మామ్మ ఒక్కతే, సగం భోజనంలో ముద్ద ఆపింది.

"ఒరేయ్ ఆనందం, ఈ పిల్లకి మిరపకాయ పడదనే కదరా బడి మాన్పించావు? ఆ కోల్డ్ స్టోరేజీలో ఏం దాస్తారనుకున్నావు, ఐస్‌క్రీమా?"

నాన్న చేతిలో పెరుగు గరిటె గాల్లో ఆగింది. "ఆఫీసు గదిలో కదక్కా. తలుపులుంటాయి."

"మిరపకాయకి తలుపులేంట్రా?"

మా ప్రాంతంలో ఉద్యోగమంటే మిరపకాయ, కాదంటే పత్తి, అదీ కాదంటే పొగాకు. వాటిలో ఒకటి పడని మనిషి ఉంటుందని ఎవరికీ తోచదు. మాకూ తోచలేదు.

తుమ్ములతో ఎలాగో నెట్టుకొచ్చేదాన్నేమో గానీ, నాకు ఇంకో జబ్బు కూడా ఉందని అక్కడ తెలిసింది. రైతులు ధర కనుక్కోవడానికి ఫోను చేసేవాళ్ళు. "ఏం రకం కాయండి?" అని అడిగేదాన్ని. ఆయన రకం చెప్పి, ఆ రకం ఎందుకు వేశాడో చెప్పి, తామర పురుగు సంగతి చెప్పి, బోరు ఎండిన సంగతికి వచ్చి, అక్కణ్ణుంచి అల్లుడి దగ్గరికి వచ్చేవాడు. మధ్యలో ఎలా పెట్టేస్తాం? ఒకరోజు మా ఓనరు గారు యార్డు నుంచి తన ఆఫీసుకి తానే ఫోను చేసి చేసి, లైను దొరక్క మోటారుసైకిలేసుకుని వచ్చారు. వచ్చేసరికి నేను రిసీవరు చెవికి ఆనించుకుని, "తర్వాత ఏమైందండి?" అంటున్నాను.

"ఏమ్మా, ధర చెప్పమంటే కథ వింటున్నావేంటి?"

"ఆయన ఇంకా అసలు విషయానికి రాలేదండి."

వానలు పడకముందే ఇంటికొచ్చేశాను. నా దగ్గు తగ్గింది, ఓనరు గారి బీపీ తగ్గింది.

రెండోది చీరాలలో చీరల కొట్టు. మళ్ళీ కూడిక. ఈసారి పులిహోర. కొట్లో ఘాటు లేదు, తుమ్ములు లేవు, కొత్త గుడ్డ వాసన హాయిగా ఉండేది. నాన్నకి నెలనెలా చేతికి అందివ్వగలనన్న ధైర్యం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఒకావిడ విసురుగా వచ్చి కూర్చుంది. "మా ఆడపడుచుకి పెట్టాలి. చూట్టానికి ఖరీదైందిలా ఉండాలి, ఒక్క ఉతుకుతో పోవాలి. అలాంటిది చూపించు."

చీరలు తియ్యకుండా, "ఏమైందండి?" అన్నాను. అంతే. అత్తగారి ఆపరేషన్ నాటి మాటలతో మొదలై పెళ్ళినాటి బొట్టుపెట్టె దాకా వెళ్ళింది. చెప్పగా చెప్పగా, ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రిలో రాత్రిళ్ళు పడుకున్నది ఆ ఆడపడుచేనని ఆవిడకే గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని, నా చేతులు రెండూ పట్టుకుని, "వస్తానమ్మా, ముందు దాన్ని చూసొస్తా" అని లేచి వెళ్ళిపోయింది. కొట్టాయన గల్లా దగ్గర నుంచి అంతా చూశాడు.

"చీర కొనకుండా అంత సంతోషంగా వెళ్ళిపోయిన బేరాన్ని నేను నా జన్మలో చూళ్ళేదమ్మా," అన్నాడు. మంచివాడు, తిట్టలేదు. ఆ నెలాఖరుకి మాత్రం వేరే పిల్లని చూసుకున్నాడు.

మూడోది ప్రైవేటు బడి. దాని గురించి వద్దులెండి. పిల్లలు చెప్పడం ఆపలేదు, నేను వినడం ఆపలేదు, పాఠం దసరాకి ఎక్కడ ఉందో క్రిస్మస్‌కీ అక్కడే ఉంది. దానికి పెట్టిన కూడికలో టీ, బిస్కెట్లే. వెళ్తూ వెళ్తూ ఎవరో, "నాలుగోదానికి మంచినీళ్ళిస్తారేమో" అన్న మాట నాన్న చెవిలో పడింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఆ ఉద్యోగం కూడా పోయాక నేను చర్చికి వెళ్ళడం మానేశాను. ఆదివారం వచ్చిందంటే తలనొప్పి. ఇంట్లోనే మోకరించి, "ప్రభువా, నన్ను ఎందుకూ పనికిరానిదానిగా చేశావా?" అని అడిగేదాన్ని. సంగతి నా ఒక్కదాని మొహమాటంతో ఆగలేదు. నాన్న చూపు తగ్గింది. సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తే తప్ప పని సాగడం లేదు. ఎవరో ఒకరు సంపాదించక తప్పదు. అప్పుడే మా మేనత్త రాజకుమారి నరసరావుపేట నుంచి ఊడిపడింది. ఆవిడ పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో చాలాకాలంగా పనిచేస్తోంది.

"అన్నయ్యా, మా మిల్లులోనే మాట్లాడాను. వచ్చే సోమవారం కాక పై సోమవారం చేరాలి. పర్మనెంటు. ఇది కూడా మానేసిందంటే నేను అక్కడ తలెత్తుకోలేను, నువ్వు మా గడప తొక్కక్కర్లేదు," అంది.

నాన్న నావైపు చూడలేదు. "సరేనమ్మా," అన్నాడు. పత్తి నూగు తలుచుకుంటేనే నాకు ఊపిరి అందలేదు. నూగు ఒక్కటే కాదు. అక్కడా ఎవరో ఒకరు మాట్లాడతారు, నేను వింటాను, మళ్ళీ ఇంటికొస్తాను. ఈసారి నాన్నకి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు కూడా దూరమవుతుంది. ఆ భయం ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ సాయంత్రం మామ్మ వచ్చి మా గుమ్మంలో కుర్చీ వేసుకుంది. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఇక ఆవిణ్ణి దాటాల్సిందే.

"ఎందుకే గుడికి రావట్లేదు?"

"తలనొప్పి మామ్మగారూ."

"ఆదివారం పది నుంచి పన్నెండు దాకానా? మంచి తలనొప్పే, గడియారం చూసుకుంటుంది." కాసేపు నావైపు చూసి, గొంతు తగ్గించింది. "ఉద్యోగం వచ్చినప్పుడల్లా కూడిక పెట్టాం కదా. పోయినప్పుడు ఎందుకు పెట్టలేదు?"

"పోయినందుకు ఎవరైనా పెడతారా?"

"నీది కానిదాంట్లోంచి నిన్ను బయటికి తీసినందుకు పెట్టరా? దేవుడు ఇస్తే పులావు వండి, తప్పిస్తే తలుపేసుకుంటామా? ఎవరు నేర్పారే మీకీ మర్యాద?"

అది ఓదార్పు మాట అనుకున్నాను. ఆవిడ మాటలు ఓదార్పుతో ఆగవని మర్చిపోయాను. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, హాస్టలు వరండా చివరిదాకా వినబడే గొంతుతో ప్రకటించిందట. "వచ్చే శనివారం సాయంత్రం ఆనందరావు ఇంట్లో, మన కరుణకి ఉద్యోగాలు పోయినందుకు కృతజ్ఞత కూడిక. అందరూ రావాలి. పులావే."

ఈ వార్త మోసుకొచ్చిన నాన్న మొహంలో రంగు లేదు. శనివారం సాయంత్రం మా వాకిలి నిండిపోయింది. జాలితో వచ్చినవాళ్ళు కొందరు, పులావుకి వచ్చినవాళ్ళు కొందరు, ఏం జరుగుతుందో చూద్దామని మిగతా అందరూ. మేనత్త కూడా వచ్చి, సోమవారం నన్ను వెంట తీసుకెళ్ళడానికి బ్యాగు సిద్ధం చేసి పెట్టుకుంది. అప్పట్లో మా పాస్టరు గారు కొత్తగా వచ్చిన కుర్రాయన. పాటల పుస్తకం అటూ ఇటూ తిప్పి, మామ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాడు. "అమ్మగారూ, దీనికి ఏ పాట పాడాలండి?"

"ఏదైనా పాడు బాబూ. గొంతు దించి మాత్రం పాడకు."

పాట గడిచింది. ప్రార్థన దగ్గర చిక్కొచ్చింది. "ప్రభువా, ఈ సోదరికి నీవు దయచేసిన... దయచేసి... తీసివేసిన..." అని పాస్టరు గారు దారి తప్పారు. మామ్మ గట్టిగా "ఆమెన్!" అంది. అందరూ ఆమెన్ అనేశారు. పాస్టరు గారు చెమట తుడుచుకున్నారు.

"ఇక సాక్ష్యాలు," అంది మామ్మ. "తనది కాని పనిలోంచి బయటపడినవాళ్ళు ఎవరన్నా ఉంటే లేచి చెప్పండి."

ఎవరూ లేవలేదు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు ఆవిడే లేచింది. "సరే, నేనే చెబుతా. నేను మొదట నర్సు ట్రైనింగుకి వెళ్ళాను. రక్తం చూసి పడిపోయేదాన్ని. నన్ను లేపడానికి నలుగురు కావాలి. రోగిని వదిలేసి నన్ను చూసేవాళ్ళు. తర్వాత టీచరు. నా కేకకి పిల్లలు పలకలు పారేసి పారిపోయేవాళ్ళు. నలభై ఏళ్ళొచ్చాక హాస్టల్లో వేశారు. అక్కడ మాత్రం నా కేక సరిపోయింది. అంతదాకా నా అంత పనికిమాలినది మా ఇంట్లో లేదని మా నాన్న అందరితో అన్నాడు. స్తోత్రం."

వాకిలి ఘొల్లుమంది. ఆ నవ్వులో ప్రభుదాసు లేచాడు. అప్పటికి ఇంకా ప్రశాంతి పుట్టలేదు. "నేను లారీ క్లీనరుగా చేరానండి. లారీ ఎక్కితే వాంతులు. డ్రైవరు గారు నా కోసం ఆపడం, నా మీద నీళ్ళు కొట్టడం. క్లీనర్ని ఆయనే క్లీన్ చేసేవాడండి. ఆటోకి గాలి తగుల్తుంది, అందుకని ఇటొచ్చాను. స్తోత్రం." పాస్టరు గారు కూడా ధైర్యం తెచ్చుకుని, పురుగుమందుల కొట్లో పనిచేసిన రోజుల్లో, "ఇన్ని మందులు అక్కర్లేదండి" అని రైతుల్ని వెనక్కి పంపేవాడినని చెప్పారు. "ఓనరు గారు నన్ను, నువ్వు వేరే ఎవరికోసమో పనిచేస్తున్నావయ్యా అన్నారు. నాకది పిలుపులా వినబడింది."

చివరికి మేనత్త లేచింది. నన్ను ఏకడానికే లేచిందని అందరికీ తెలుసు. "ఇదంతా ఏం చోద్యం? నచ్చలేదని అందరూ మానేస్తే ఇళ్ళు గడుస్తాయా? నేను చెయ్యట్లా? పెళ్ళయిన ఏడు నుంచి ఒకే మిల్లు, ఒకే బల్ల. నచ్చిందనా? తెల్లారి లేచి పత్తి మొహం చూడాలంటే నాకు ఇప్పటికీ..." అని ఆగిపోయింది. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇప్పటికీ ఏడుపొస్తుంది," అని పూర్తిచేసి, తన మాటకి తానే తెల్లబోయి, ముందు తనే నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చుని, "తర్వాత ఏమైంది అత్తా?" అన్నాను. చాలాసేపు చెప్పింది. నాన్న ఆ చివర్నుంచి మమ్మల్నిద్దర్నీ చూస్తూ ఉన్నాడు. తన చెల్లెలు అన్ని మాటలు మాట్లాడటం ఆయన చూడటం అదే మొదలట.

పులావు వడ్డనకి సర్దుతుండగా ఆయన దగ్గరికొచ్చాడు. "రాజకుమారీ, సోమవారం పిల్ల రాదమ్మా."

మేనత్త కోప్పడలేదు. "మరేం చేస్తుంది అన్నయ్యా?"

నాన్న దిక్కుతోచక మామ్మ వైపు చూశాడు. "ఆగుతుంది," అంది మామ్మ.

"ఆగడం కూడా పనేనా అక్కా?"

"అన్నిటికంటే కష్టమైన పని. జీతం ఉండదు, పైగా కనబడిన ప్రతివాడూ ఏం చేస్తున్నావని అడుగుతాడు. దీనికి ఒక మిరప పంట కాలం గడువివ్వండి."

భోజనాలకి ముందు ముగింపు ప్రార్థన ఆవిడే చేసింది. ఆవిడ ప్రార్థనల చివర ఎప్పుడూ ఒక్క పేరే ఉండేది. పని వెతుక్కుంటున్న ఒక్క మనిషి పేరు. ఎక్కువ పేర్లు చెబితే దేవుడికి గుర్తుంటాయి గానీ మనకు గుర్తుండవని ఆవిడ లెక్క. ఆ రోజు ఆ పేరు నాది. సంఘమంతా వింటుండగా, నేను ఇంకా వెతుక్కుంటున్నానని ఆవిడ పైకి చెప్పేసరికి, విచిత్రంగా నా తలనొప్పి పోయింది.

ఆగడమంటే ఇంట్లో కూర్చోవడం కాదని త్వరలోనే తెలిసింది. పొద్దున నాన్నకి కావలసినన్ని సూదులకి దారాలు ఎక్కించి పెట్టి, మామ్మ వెనక కుర్చీ మోసుకుంటూ తిరిగేదాన్ని. జబ్బుపడినవాళ్ళ ఇళ్ళు, బాలింతల ఇళ్ళు, మంగళవారం గుంటూరులో ఆసుపత్రి. అక్కడ మా ఊళ్ళవాళ్ళు ఎవరో ఒకరు పడి ఉండేవాళ్ళు. నడవాల్లో కుర్చీతో నడిచే మమ్మల్ని చూసి వార్డుబాయ్‌లు ఫర్నిచరు వాళ్ళనుకునేవాళ్ళు. "ఏం దొరికింది కరుణా?" అని ఊళ్ళో అడిగితే, "కుర్చీ దొరికింది" అని చెప్పమనేది మామ్మ.

ఒక మంగళవారం విచారణల కిటికీ దగ్గర వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో పాల గ్లాసు. "అయ్యా, అదీ... నిన్నటిది... బాతు కాడ..." అంటోంది. లోపలి గుమాస్తా, "ఏ డాక్టరు? ఏ వార్డు? పేరేంటి? చీటీ ఏది?" అని ఒకదాని మీద ఒకటి అడుగుతున్నాడు. వెనక జనం తోస్తున్నారు. ఆమె మాటలు వింటుంటే నాకు మా ఇంటి పేపర్లు గుర్తొచ్చాయి. చంక దగ్గర కత్తిరించిన వాక్యం. కుర్చీ దింపి దగ్గరికెళ్ళాను.

"బాతు దగ్గర ఏమైంది మామ్మా?"

"మా ముసలాయనమ్మా. కంటికి గుడ్డ కట్టారు నిన్న. పాలకని దిగొచ్చా. అన్నీ ఒకే మాదిరి తలుపులు. మా గదికెళ్ళే దారిలో గోడ మీద బాతుంటది."

బాతు బొమ్మలు పిల్లల వార్డు గోడ మీద ఉంటాయని మంగళవారాలు తిరిగి తిరిగి నాకు తెలుసు. దాని పక్కదే కళ్ళ వార్డు. తీసుకెళ్ళి దింపి వచ్చేసరికి, కిటికీ వదిలేసి ఇద్దరు ముగ్గురు నా చుట్టూ చేరారు. ఒకాయన కొడుకు సంగతి మొదలుపెట్టాడు. నేను నిలబడే వింటున్నాను. వెనకనుంచి మోకాళ్ళకి ఏదో తగిలింది. నీలం కుర్చీ.

"కూర్చో," అంది మామ్మ.

"ఇది మీది కదా. మీరో?"

"నేను నిలబడతాలే. ఇది ఇప్పట్లో తేలేది కాదు."

ఎవర్నీ కూర్చోనివ్వని ఆ కుర్చీలో కూర్చుని, ఆ మధ్యాహ్నందాకా విన్నాను. మామ్మ గోడకానుకుని, చెమటలు కక్కుకుంటూ, కాళ్ళు మార్చుకుంటూ నిలబడింది. హెడ్ సిస్టరు గారు రెండుసార్లు అటు వచ్చి చూసి వెళ్ళారు. మూడోసారి ఆగి, "ఈ అమ్మాయి ఎవరు?" అన్నారు. "ఆగుతున్న పిల్లండి," అంది మామ్మ. ఆవిడకి అర్థం కాలేదు గానీ నవ్వారు.

అక్కడితో అయిపోలేదు. పని ఉంటే పిలుస్తామన్నారు సిస్టరు గారు, పిలవలేదు. మళ్ళీ మంగళవారం వెళ్ళాం, మళ్ళీ విన్నాను. కాయ కోతలు అయ్యాయి, కల్లాలు ఖాళీ అయ్యాయి, మామ్మ పెట్టిన గడువు దాటింది. నాన్న ఏమీ అడగలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు కబురొచ్చింది, రోగులకి దారి చూపించే కౌంటరులో చేరమని. నాన్న వెంటనే కోడి కోసం పరిగెత్తబోతే మామ్మ ఆపింది. "ఆగరా. ఈసారి ముందు చూసి, తర్వాత వండుదాం."

కొంతకాలం గడిచాక చెప్పాపెట్టకుండా వచ్చింది. నా కౌంటరుకి ఎదురుగా కుర్చీ వేసుకుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంది. పలకరిస్తే, "నీ పని చూసుకో" అంది. ఒకాయన పొన్నూరు నుంచి వచ్చి వరి సంగతితో మొదలుపెట్టి, నడుము నొప్పి దాకా రావడానికి చాలాసేపు పట్టింది. నేను వింటూనే ఉన్నాను. వరస కూడా గొణుక్కుంటూనే ఆగింది. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, ఆయన నొప్పి ఎక్కడో తెలియకుండా ఏ డాక్టరు దగ్గరికి పంపుతాం? మామ్మ లేచి, కుర్చీ చంకన పెట్టుకుని, అక్కడే నా ఫోను తీసుకుని నాన్నకి చేసింది. "ఒరేయ్ ఆనందం, ఇక వండుకోవచ్చు."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాన్న ఇప్పుడు గుంటూరులో నా దగ్గరే ఉంటాడు. సాయంత్రం పేపరు చదివి వినిపిస్తాను, ఒక్క చేతి ముక్క కూడా పోకుండా మొత్తం. కొన్నిసార్లు మధ్యలో ఆపించి, "తర్వాత ఏమై ఉంటుందో నువ్వు చెప్పు" అంటాడు.

కబురు తెలిసిన మర్నాడు సమాధి దగ్గర అందరూ నిలబడ్డారు. మామ్మ కుర్చీ మాత్రం ముందు వరసలో ఖాళీగా ఉంది. మేనత్త వచ్చింది, ఆ చిలకలూరిపేట బస్సు కండక్టరు కూడా వచ్చాడు. మా పాస్టరు గారి జుట్టు నెరిసింది, గొంతు మాత్రం ఈసారి ఎక్కడా దారి తప్పలేదు. అంతా అయ్యాక కుర్చీ చంకన పెట్టుకుని ప్రభుదాసు ఇంటికి వెళ్ళాను. దారిలో మూడుసార్లు తుమ్మాను. ఎంత కడిగినా ఆ టిక్కీల ఘాటు దాన్ని వదల్లేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల చీకట్లోంచి ప్రశాంతి, "తలనొప్పిగా ఉందక్కా," అంది.

"నాకు తెలుసమ్మా. చీరాల కొట్లో ఏమైంది?"

ముందు సగం మాట వచ్చింది. తర్వాత ఇంకో సగం. నేను ఇంటికి బయల్దేరేసరికి బాగా పొద్దుపోయింది. వాకిట్లో ప్రభుదాసుతో, "వచ్చే శనివారం మీ ఇంట్లో కూడిక. మీ అమ్మాయికి ఉద్యోగం పోయినందుకు. పులావే" అన్నాను. అతను నోరు తెరుచుకుని నావైపు చూసి, తర్వాత కుర్చీ వైపు చూసి, తలూపాడు.

ఇది చదువుతున్న మీరు ఏ దేవునికి మొక్కుకుంటారో నాకు తెలియదు. మామ్మ కోసం మిమ్మల్నేమీ అడగను. ఈపాటికి అక్కడ కూడా తనకి సరిపడే చోటు చూసుకునే ఉంటుంది. ఒక్క పేరు చెబుతాను, ఒక్కటే, గుర్తుండటానికి. ప్రశాంతి. ఇంకా వెతుక్కుంటోంది. దయచేసి జ్ఞాపకం చేసుకోండి.